ఉమ్మడి గోడల ఇండ్లు

మన పల్లెలలోను, పాత పట్టణములలోను రెండిండ్ల నడుమ నున్న గోడను గూర్చి పుట్టినన్ని తగాదాలు మరి దేనిని గూర్చియు పుట్టియుండవు. గోడ ఎవరిది, దూలము ఎవరు ఆనించవచ్చును, చూరునీరు ఎవరి దొడ్డిలో పడవలెను అను ప్రశ్నలతో తాతలనాడు మొదలైన వ్యాజ్యములు మనుమల కాలమునకు గాని తెమలని సందర్భములు శ్రోతలలో పలువురు ఎరిగియే యుందురు. అగ్రహారపు వీధులలో ఇంటి నానుకొని యిల్లు, అరుగు నానుకొని అరుగు బారుగా సాగిపోవు దృశ్యము మనకు క్రొత్త కాదు. నేటి మా ప్రసంగము మాత్రము మన వీధులను గూర్చినది కాదు. ఉమ్మడి గోడలను నమ్ముకొని పెరిగిన ఒక దూరదేశపు మహానగరమును గూర్చినది. ఆ నగరము న్యూయార్కు.

న్యూయార్కు పేరు చెప్పగనే నూరంతస్తుల భవనములు మన కన్నులకు గట్టును. కాని పందొమ్మిదవ శతాబ్దములో ఆ నగరమందలి సంపన్నులును, మధ్యతరగతి వారును నివసించినది ఎక్కువగా మూడు నాలుగంతస్తుల ఇటుక యిండ్లలోనే. అవి తోటల నడుమ విడివిడిగా నిలచిన మేడలు కావు. వీధి ఈ కొసనుండి ఆ కొసవరకు సందు లేకుండ అల్లుకొనిపోయిన వరుస యిండ్లు. అట్టివి వేలకొలదిగా నేటికిని నిలచియున్నవి. అవి ఎట్లు కట్టబడినవి, ఎట్లు కూలినవి, మిగిలినవి ఎవరి పూనికచే మిగిలినవి అను సంగతులను మనవి చేయ దలచితిమి.

1811లో నగరపు కమిషనర్లు ఒక పటమును సిద్ధము చేయించిరి. మన్‌హాటన్ దీవిలో అప్పటికి ఊరు వ్యాపింపని ఉత్తర భాగమంతయు ఆ పటములో చదరంగపు బల్లవలె నిలువు వీధులు, అడ్డ వీధులుగా గీయబడినది. నడుమ వచ్చిన గుట్టలను, వాగులను వారు లెక్కచేయలేదు. వీధులకు పేర్లు పెట్టు శ్రమ కూడ పడక, అంకెలు వేసి ఊరకుండిరి. ఈ చదరములు 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు గల స్థలములుగా కోయబడి అమ్మకమునకు వచ్చినవి. ఆ యిండ్ల ఆకారమును నిర్ణయించినది శిల్పుల ఊహ కన్న ఈ కొలత యే యనవచ్చును. ముఖము సన్నము, ఒడలు పొడవు. కట్టించినవారిలో అనేకులు తమ కాపురమునకై కట్టించినవారును కారు. ఒక మేస్త్రీయో, ఒక వర్తకుడో నాలుగైదు స్థలములు ఒక్కమారుగా కొని, ఒకే నమూనాలో ఇండ్లు లేపి, ఒక్కొక్కటిగా అమ్మివేయును. నేడు మనము ముచ్చటపడి చూచు ఆ వరుసల పొందికకు మూలము కళాదృష్టి మాత్రమే కాదు, పొదుపు కూడ.

వరుస యింటికి ప్రక్కగోడయే ప్రాణము. ఒక యింటి కుడిగోడయే పొరుగింటికి ఎడమగోడ. అంతస్తుల నేలను మోయు కొయ్యదూలములు ఈ గోడనుండి ఆ గోడకు అడ్డముగా సాగి, ఇటుకలలో తొలిచిన గూళ్లలో కూర్చుండును. బరువంతయు ప్రక్కగోడలే మోయుచుండుటచే, వీధివైపు గోడలోను, పెరటివైపు గోడలోను నిలువెత్తు కిటికీలు తెరచుటకు వీలు కలిగినది. గాలి వెలుతురులు ఆ రెండు దిక్కులనుండియే గదా రావలెను! పొగగొట్టములు కూడ ఈ ప్రక్కగోడల కడుపులోనుండియే పైకి పోవును. ఇట్టి యింటిని ఒక దానిని పడగొట్టినప్పుడు పొరుగింటి గోడపై కనుపించు దృశ్యమొకటి కలదు. దూలముల గుంటలు వరుసగా చుక్కలు పెట్టినట్లుండును. మెట్ల చాయ వంకరటింకరగా పైకి ప్రాకియుండును. అంతస్తునకొకటి చొప్పున చలిమంట పొయ్యిలు గాలిలో వ్రేలాడుచుండును. పోయిన యింటి లోపలి భాగము ఉన్న యింటి వెలుపలి భాగమైనది! అంతవరకు ఎండవానలు సోకని ఆ గోడ, ఆ దినమునుండి తడియుట మొదలిడును.

ఈ యిండ్ల ముంగిట నుండు ఎత్తైన మెట్లకు న్యూయార్కువారు ‘స్టూప్’ అని పేరు పెట్టిరి. ఇది ఆంగ్లపదము కాదు. ఆ నగరమును మొదట స్థాపించిన డచ్చివారి మాట. వీధినుండి ఏడెనిమిది మెట్లెక్కినచో తలవాకిలి వచ్చును. ఆ మెట్ల క్రింద, నేలకు సగము దిగువగా, మరియొక చిన్న వాకిలి యుండును. దీనికొక కారణము కలదు. 1811 నాటి పటము గీచినవారు ఇండ్ల వెనుక పెరటి సందులను విడువలేదు. బొగ్గు తెచ్చువాడు, పాలవాడు, పనిమనిషి అందరును వీధివైపునుండియే రావలెను. అందుచే దొరసానికి పైవాకిలి, దాసికి క్రిందివాకిలి ఏర్పడినవి. వేసవి సాయంకాలములందు జనులు ఈ మెట్లపై కూర్చుండి వీధిలోని వారితో మాటలాడుకొను అలవాటు తరువాత ప్రబలెను. మన అరుగు మొదటనే కూర్చుండుటకై పుట్టినది. వారి మెట్లు ఎక్కుటకై పుట్టి, కూర్చుండుటకు ఉపయోగపడినవి. అంతియే భేదము.

శతాబ్దపు తొలి దశాబ్దములలో ఈ యిండ్లు ఎర్ర యిటుకతో, తెల్ల రాతి అంచులతో, పలకరాతి పైకప్పుతో నిరాడంబరముగా నుండెడివి. 1830 ప్రాంతమున గ్రీకు దేవాలయములను తలపించు స్తంభములపై మోజు పుట్టినది. శతాబ్దము నడిమికి వచ్చుసరికి గోధుమవన్నె ఇసుకరాయి వచ్చి తక్కినవానిని మూలకు నెట్టినది. దానినే ‘బ్రౌన్ స్టోన్’ అందురు. కనెక్టికట్ రాష్ట్రమందలి పోర్ట్‌లండ్ గనులనుండి ఆ రాయి పడవలపై దిగెడిది. ఇల్లంతయు రాతితో కట్టినదని చూచువారికి తోచును గాని, నిజమునకది ఇటుకగోడకు ముందు తొడిగిన కొలది అంగుళముల రాతి ముసుగు. ఈ రాయి పొరలు పొరలుగా ఏర్పడినది. పొరలు అడ్డముగా నుండునట్లు పేర్చినచో మన్నును. తొందరలో నున్న కాంట్రాక్టర్లు పలువురు పొరలు నిలువుగా నుండునట్లు నిలబెట్టిరి. చలికాలమున నీరు పొరలలో దూరి గడ్డకట్టుటచే, ఏటేట రాయి పెచ్చులూడ సాగెను. నేడు అనేక గృహముల ముఖముపై కనుపించు గోధుమవన్నె, రంగు కలిపిన సిమెంటు పూతదే. 1862లో ఇట్టి యింటనే పుట్టిన నవలారచయిత్రి ఎడిత్ వార్టన్‌కు ఈ రాయి ఎన్నడును రుచింపలేదు. ఆమె తరమువారికి వెగటు పుట్టించిన ఈ యిండ్లకే మనుమల తరమువారు ఎగబడుట చూడగా, వాస్తుసౌందర్యమును గూర్చిన తీర్పులు ఎంత త్వరగా మారునో తెలియుచున్నది.

ఇక నొక యింటి గడప దాటి లోనికి పోవుదము. మన్‌హాటన్‌లో తూర్పు నాలుగవ వీధిలో 29వ నెంబరు యిల్లు 1832లో జోసెఫ్ బ్రూస్టర్ అను టోపీల వర్తకుడు కట్టించినది. మూడేండ్లకే, 1835లో, సీబరీ ట్రెడ్‌వెల్ అను ఇనుపసామగ్రి వర్తకుడు 18,000 డాలర్లిచ్చి దానిని కొనెను. వెలుపల ఎర్ర యిటుక, తలవాకిటికి తెల్ల చలువరాతి కమాను, ఏటవాలు కప్పులో రెండు చిన్న కిటికీలు. అప్పటికే కొంత పాతబడిన ఫ్యాషను. లోపలికి పోయినచో కాలము మారినట్లుండును. ముందొకటి, వెనుకొకటిగా రెండు గొప్ప గదులు. నడుమ అయానిక్ స్తంభముల జంట, గోడలోనికి జారిపోవు మహాగని తలుపులు. రెండు గదులకును ఒకే పోలిక నల్ల చలువరాతి పొయ్యిగూళ్లు. పైకప్పున గచ్చుతో పోతపోసిన పూలు, ఆకులు. ఆనాటి గచ్చు పనిలో ఇంత చక్కగా నిలచినది ఆ నగరమున అరుదని నిపుణులు చెప్పుదురు. బజారులోని వర్తకుడు తన యింటికి వచ్చినవారికి ఏథెన్సు నగరము చూపదలచినాడు కాబోలు!

ఆ రెండు గదులు చూచి తిరిగివచ్చినవాడు ఇంటిని సగమే చూచినవాడగును. క్రింద వంటిల్లు, పెరటిలో వాననీటి తొట్టి, అన్నిటికన్న పై అంతస్తున పనివారి గదులు. ట్రెడ్‌వెల్ దంపతుల సంతానము ఎనమండుగురు. ఇంటిలో ఒక్కమారు నలుగురు దాసీలుండెడివారు. వారిలో అధికులు ఐర్లండునుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన పడుచులు. పొయ్యిలకు బొగ్గు, స్నానమునకు వేడినీరు, పడకగదులలోని మలపాత్రలు - ఇవన్నియు నాలుగు అంతస్తుల మెట్లపై ఎత్తుటయు దించుటయు వారి చేతులమీదనే జరిగెడిది. క్రోటన్ నదీజలము గొట్టములగుండ నగరమునకు వచ్చినది 1842లో. వచ్చిన దినముననే ప్రతి గృహమునకును అందలేదు. సన్నని స్థలమున నిలువుగా కట్టిన ఇంటిలో ఎవరు ఎన్నిమారులు మెట్లెక్కవలెనో అనునదే అంతస్తుల భేదము. ఆ యింటిలో చూడదగిన వానిలో మాకు అన్నిటికన్న విలువైనవిగా తోచునవి చలువరాళ్లు కావు. వంటింటి గోడకు వరుసగా కట్టిన పిలుపు గంటలు, పైయంతస్తున ఆ దాసీల యిరుకు గదులును.

ఎనిమిదవ సంతానమైన గెర్‌ట్రూడ్ 1840లో ఆ యింటిలోనే జన్మించెను. వివాహము చేసికొనలేదు. తండ్రి 1865లో గతించెను. పొరుగువారు ఒక్కొక్కరుగా ఉత్తరపు వీధులకు తరలిపోయిరి. వారి యిండ్లు గిడ్డంగులుగను, కార్ఖానాలుగను మారినవి. తోబుట్టువులు కన్నుమూసిరి, సొమ్ము కరగిపోయినది. ఆమె మాత్రము కదలలేదు. కుర్చీలు, దీపములు, పింగాణీ పాత్రలు, తల్లి అప్పచెల్లెండ్ర దుస్తులు ఎక్కడివక్కడనే యుంచి, తాను పుట్టిన యింటిలోనే 1933లో, తన 93వ యేట ప్రాణము విడిచెను. అప్పుల పాలై అమ్ముడుపోవలసిన ఆ యింటిని జార్జి చాప్‌మన్ అను దూరపు బంధువు కొని, 1936లో మ్యూజియముగా తెరచెను. సంపద పెరిగి యుండినచో ఆమె ఆ పాత సామానులన్నియు మార్చివేసి యుండెడిది; లేమియే వానిని కాపాడినది. తరువాత కప్పు కారి, గోడలు నెమ్మెక్కగా, 1970 దశాబ్దమున జోసెఫ్ రాబర్టో అను వాస్తుశిల్పి శ్రద్ధతో దానిని మరల నిలబెట్టెను.

తక్కిన వరుసల గతి యేమైనది? ఆ యింటికి కొలది దూరములో, లఫాయెట్ వీధిలో, 1833 ప్రాంతమున తొమ్మిది గృహములు ఒకే స్తంభమాలిక వెనుక కట్టబడినవి. ఆ చలువరాయి సింగ్ సింగ్ చెరసాల ఖైదీలు చెక్కినది. వెనుక నివసించినవారు నగరమందలి కోటీశ్వరులు. 1902లో అందు ఐదింటిని పడగొట్టిరి. నాలుగు మిగిలినవి, మాలిక తెగినది. వాషింగ్టన్ చౌకమునకు ఉత్తరమున ‘ది రో’ అని పేరొందిన వరుసకు ఇంకొక విధమైన గతి పట్టినది. చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ అందలి 3వ నెంబరున 1913నుండి 1967లో మరణించువరకు నివసించెను. ఆ వరుసలోనే మరికొన్ని యిండ్లకు 1930 దశాబ్దము చివరను లోపలి భాగమంతయు తొలగించి, ముఖములు మాత్రము నిలిపి, వెనుక అద్దె వాటాలు కట్టిరి. వీధిలో నడచిపోవువానికి ఏ లోపమును కనుపింపదు. ఇది రక్షణమా, కాదా? వీధికి రక్షణమే గాని, ఇంటికి కాదని మా అభిప్రాయము.

ఇంతకాలము ఇట్టి కట్టడములను కాపాడుటకు నగరమున చట్టమే లేదు. 1910లో తెరచిన పెన్సిల్వేనియా రైల్వే స్టేషను ఆ నగరమునకు తలమానికము వంటిది. 1963 అక్టోబరులో దానిని కూలద్రోయ నారంభించిరి. రాతిస్తంభములు బండ్లకెక్కి చిత్తడినేలలను పూడ్చుటకు పోవుచుండగా చూచిన తరువాత పౌరులలో చలనము కలిగినది. 1965 ఏప్రిల్ 19వ తేదీన మేయరు రాబర్ట్ వాగ్నర్ కట్టడముల రక్షణ చట్టముపై సంతకము చేసెను. ఆ సంవత్సరముననే రక్షిత కట్టడములుగా ప్రకటింపబడిన తొలి జాబితాలో ట్రెడ్‌వెల్ గృహము చేరినది.

అయితే ఆ చట్టములో అంతకన్న ముఖ్యమైన భావమొకటి కలదు. ఇంటిని మాత్రమేగాక, వీధులకు వీధులనే ఒక్కటిగా రక్షింపవచ్చుననుట. దీనికి దారి చూపినది నదికి ఆవలి గట్టుననున్న బ్రూక్లిన్ హైట్స్ పేట. 1940 దశాబ్దమున రాబర్ట్ మోజెస్ ఒక పెద్ద రహదారిని ఆ పేట నడుమనుండి తీసికొనిపోదలచెను. నివాసులు గట్టిగా అడ్డుకొనిరి. తుదకు దారి పేటను విడిచి, నది గట్టున అంతస్తులుగా సాగినది. దానిపైన 1950లో ప్రజలు షికారు చేయుటకు ఒక వేదిక వెలసినది. తరువాత క్లే లాంకాస్టర్ అను పండితుడు ఇల్లిల్లు తిరిగి, అమెరికా అంతర్యుద్ధమునకు పూర్వపు గృహములు అక్కడ ఆరువందలకు పైగా నున్నవని లెక్కించి, 1961లో గ్రంథము ప్రకటించెను. 1965 నవంబరు 23న ఆ పేట న్యూయార్కులో మొట్టమొదటి రక్షిత ప్రాంతమైనది. 1969లో గ్రీనిచ్ విలేజ్ చేరినది. 1978లో అమెరికా సుప్రీం కోర్టు ఈ చట్టము చెల్లునని తీర్పిచ్చెను. ఉమ్మడి గోడల ఇండ్లకు ఒంటరి రక్షణము చాలదను మేస్త్రీ తెలివిని న్యాయశాస్త్రము అంగీకరించుటకు ఇంతకాలము పట్టినది.

నిలచిన వరుసలన్నియు ఎల్లవారికిని తెరచిన తలుపులు కావని కూడ చెప్పవలెను. హార్లెములో 138, 139 వీధులందు 1891 మొదలు కట్టిన వరుసలు వాస్తుకళకు పేరెన్నికగన్నవి. అక్కడ మన్‌హాటన్‌లో అరుదైన పెరటి సందులు కూడ విడిచిరి. గుర్రములను మెల్లగా నడిపింపుడని గేటు స్తంభములపై వ్రాసిన హెచ్చరిక నేటికిని చదువవచ్చును. 1893 నాటి ఆర్థిక సంక్షోభములో అవి తాకట్టుపట్టిన సంస్థ వశమైనవి. ఇండ్లు ఖాళీగా నుండినను నల్లజాతివారికి అమ్ముటకు యజమానులు చాలకాలము ఒప్పుకొనలేదు. 1920 ప్రాంతమున ఆ కట్టుబాటు సడలగానే వైద్యులు, న్యాయవాదులు, సంగీత విద్వాంసులు వచ్చి చేరిరి. ‘బ్లూస్’ సంగీతమునకు ఖ్యాతి తెచ్చిన డబ్ల్యూ. సి. హాండీ వారిలో ఒకడు. కష్టించి పైకి రాగోరువారి వరుస యని ఊరివారు దానికి సగము మెచ్చుకోలుగా, సగము వేళాకోళముగా పేరు పెట్టిరి. 1967లో ఆ వీధులకును రక్షణ లభించినది. ఇప్పుడు ఆ యిండ్ల ధరలు లక్షల డాలర్లు పలుకుచున్నవి. ఒకనాడు రంగు చూచి మూసిన తలుపు నేడు ధర చూచి మూయబడుచున్నది. గోడను కాపాడు చట్టము కలదు గాని, గోడల నడుమ కాపురమున్న సామాన్యుని కాపాడు ఉపాయము ఆ చట్టములో లేదు.

మరల ట్రెడ్‌వెల్ గృహమునకు వత్తము. అది వరుసగా పుట్టినదే గాని, దాని నానుకొని యుండిన తోడి యిండ్లు నేడు లేవు. పడమటి ప్రక్కన ఒక అంతస్తు గరాజు మిగిలినది. ఆ స్థలమున ఎనిమిదంతస్తుల హోటలు కట్టుటకు యజమానులు అనుమతి కోరగా, ఏ కమిషను ఆ పాత యింటిని రక్షిత కట్టడముగా ప్రకటించినదో ఆ కమిషనే 2014లో ఒప్పుకొన్నది. పునాదులు త్రవ్వునప్పటి అదురునకు గచ్చు రాలునని మ్యూజియమువారు మొరపెట్టుకొనిరి. 2018లో నగరసభ ఆ ప్రతిపాదనను త్రోసిపుచ్చినది. మార్చిన నమూనాతో యజమానులు మరల రాగా, 2023 డిసెంబరులో కమిషను మరల అనుమతించినది. పొరుగువాని స్థలముపై పొరుగువానికి హక్కు లేదా అని ఒక పక్షము. రెండువందల ఏండ్ల నాటి గోడకు ప్రక్కన ఇంత లోతుగా త్రవ్వవచ్చునా అని రెండవ పక్షము. మన మునసబు కోర్టులలో వినిపించు వాదమే!

కుర్చీలను, పింగాణీని, గెర్‌ట్రూడ్ దాచిన దుస్తులను పెట్టెలలో సర్ది వేరొకచోటికి పంపవచ్చును. పైకప్పునంటి యున్న గచ్చుపూలను మాత్రము దింపి దాచుటకు వీలు లేదు.